నూట నలభై మూడుకి ఆరు

రెండు వందల పన్నెండు ఫొటోలు.
పేర్లు పీకేసి అంకెలు తగిలించి పంపారు,
పురిటి వార్డులో పసికందుల చేతికి కట్టే పట్టీల్లా.
అంశం: శీతాకాలపు వెలుగు.
బహుమతి ఒక ట్రైపాడ్.

పగలు నేను కుయివాస్తు రేవులో ఫెర్రీ టికెట్లు అమ్ముతాను.
లారీకి ఇంత, కారుకి ఇంత, కుక్కకి ఏమీ లేదు.
తగువు రాదు. ధర గోడ మీద రాసి ఉంటుంది.
రాత్రి వంటగదిలో, ఫ్లాస్కు పక్కన,
వెలుగుకి ధర కట్టాలి.
ఒకటి నుంచి పది లోపు.

మొదటి పదింటి మీద దయ ఎక్కువ.
యాభై దాటాక మంచంటేనే విసుగొచ్చింది,
అది మంచు తప్పు కాదు.
ఇరవై రెండుకి ఎనిమిది వేశాను.
అచ్చం అలాంటిదే నూట పదకొండు, దానికి అయిదు.
మధ్యలో నా కాళ్లు చల్లబడ్డాయి, అంతే తేడా.
వెనక్కెళ్లి దిద్దాను.
ఒకటి దిద్దితే ఇంకోటి వంకరపోయింది,
ఊగే బల్లకి ఒక కాలి కింద అట్టముక్క దోపితే
ఇంకో కాలు లేచినట్టు.

అప్పుడు తెరుచుకుంది నూట నలభై మూడు.

మంచు మీద తోసుకెళ్లే బండి ఒకటి
ఎర్రగోడకి ఆనించి ఉంది.
పిడికి ఊలు తొడుగు, ఒక్క చేతిదే.
సంచిలోంచి చేప తోక.
మూడింటికే దిగిపోయే డిసెంబరు ఎండ
పెచ్చులూడిన రంగు మీద
వెన్న రాసినట్టు పలచగా.

ఆ గోడ నాకు తెలుసు. ఆ బండీ తెలుసు.
ఎండెల్ తూమ్స్‌ది, మా వీధి చివరి ఇల్లు.
నేను లేవకముందే నా గుమ్మం ముందు మంచు ఎత్తిపోసి
చెప్పకుండా వెళ్లిపోయే మనిషి.

తొమ్మిది, అంది కన్ను.
తెలిసినవాడు, అంది చెయ్యి.
తక్కెడ మీద బొటనవేలు నొక్కేవాళ్లని చూశాను గానీ,
నొక్కలేదని నాకు నేనే రుజువు చేసుకోవడానికి
అదే పళ్లెం కింద వేలు పెట్టి
పైకి ఎత్తాను.
ఆరు.
కారణం రాయాలన్నారు. రాశాను:
"కుడివైపు కాస్త బరువెక్కువ."
కుడివైపు ఏముంది? గోడే.

శుక్రవారం ఫలితాలొచ్చాయి.
పోర్తోలో ఉండే జడ్జి తొమ్మిది ఇచ్చింది, హోబార్ట్ ఆయనా తొమ్మిదే.
నా ఆరుతో ఇరవై నాలుగు. నాలుగో స్థానం.
మొదటిదానికి ఇరవై ఆరు.

అంకెల పక్కన పేర్లు తిరిగి మొలిచాయి.
నూట నలభై మూడు: కైసా లాంబోట్, పదిహేడేళ్లు, తార్తు.
ఈ దీవికి ఒక్కరోజు వచ్చి వెళ్లిందట.
అంటే టికెట్ నేనే కొట్టి ఉంటాను,
ముఖం చూడకుండా చిల్లర జరిపి ఉంటాను.

ఎండెల్‌ది ముప్పై ఎనిమిది.
దిమ్మ మీద కొంగ, వెనక ఒరిగిన సముద్రం.
ఎవరిదో తెలియక నిశ్చింతగా నాలుగు వేశాను.
నేను వేసిన మార్కుల్లో న్యాయమైనది బహుశా అదొక్కటే.
చేపల కొట్టు దగ్గర అతనే చెప్పాడు నవ్వుతూ:
"ఎవరో నాలుగిచ్చారు. సరిగ్గానే ఇచ్చారులే,
నీళ్లన్నీ ఒలికిపోతున్నాయిగా!"

నిర్వాహకులకి ఉత్తరం రాశాను.
మార్కులకి తాళం పడిందన్నారు.
మీకు తోచింది మీరు నిజాయితీగా ఇచ్చారు కదా, అనీ అడిగారు.
ఆ ప్రశ్నకి జవాబు ఇంకా పంపలేదు.

ఆదివారం ఆ గోడ దగ్గరికి వెళ్లాను.
బండి అక్కడే ఉంది. నిలబడి చూస్తే ఉత్త బండి.
ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని ఉండాలి,
ఆ ఎత్తు నుంచే పిడి ఆకాశానికి తగులుతుంది.
నేనూ కూర్చున్నాను. చెమ్మ పాంటులోకి దిగింది.

ఎండెల్ కిటికీ తెరిచి అరిచాడు,
"ఏమైనా పారేసుకున్నావా?"

"మూడు," అన్నాను.

ఏం మూడో అడగలేదు.
కోటు తగిలించుకుని బయటికొచ్చి
నా పక్కనే వంగి
మంచులో వెతకడం మొదలెట్టాడు.