మిగిలిందెంత

కాశీబుగ్గ గేటు ముందు రెండు ఆటోలు
జీడిపిక్కల బస్తాలతో
ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు నిలబడతాయి.
ఖుర్దా వైపు గూడ్సు వెళ్ళిపోయాక
అవతల తేలేసరికి వాటి మధ్య
ఒక పాలవ్యాను, ఒక పెళ్ళిబస్సు, తొందరలేని మేక.

నా ఉద్యోగం ఇంతే.
రెండు ప్యాకెట్లను ఆనించి వదుల్తాను,
అవతలి కొసన ఎంత ఎడంగా చేరాయో చూస్తాను.
ఇరుకు ఎక్కడో ఆ ఎడం చెప్పదు.
ఎంత ఇరుకో చెబుతుంది.

"నూరన్నారు, పదైనా రాదేటి బావూ" అంది తారిణి.
మందస రోడ్డులో ఆమె కొట్టు, రేకుల షెడ్డు,
ఒక కంప్యూటరు, వేలిముద్రల డబ్బా,
బెంచీ మీద పిక్కలు కొట్టే ఆడవాళ్ళు ఆరుగురు.

నూరు అబద్ధం కాదన్నాను.
ఎవరూ వాడనప్పటి లెక్క అది.
తీగ ఖాళీగా ఎప్పుడుంది?
వెనకింటి కుర్రాడు తుపాకీ ఆటలో చచ్చి లేస్తుంటాడు,
మేడ మీద సీరియల్ నడుస్తుంటుంది,
ఫ్యాక్టరీ కెమెరాలు తాళం వేసిన గోడౌన్లను
కళ్ళార్పకుండా పైకి పంపుతుంటాయి.
అందరూ తిన్నాక
గిన్నె అడుగున ఎంతుందో
అదీ నేను కొలిచేది.

"గిన్నడుగు సంగతి నాకు సెప్తావేటి"
నవ్వి లేచింది దాలమ్మ.
బొటనవేలు పెట్టింది. సరిపోలలేదు.
తుడిచి పెట్టింది. సరిపోలలేదు.
ఇరవయ్యేళ్ళ జీడిసొన
గీతలన్నీ తినేసింది;
పొట్టు తీసిన పప్పులా నున్నగా ఉంది వేలు.
ఒక్కో ముద్రా ఢిల్లీ దాకానో ఎక్కడికో వెళ్ళి
కాదనిపించుకుని వస్తోంది,
అదీ ఈ తీగ మీదే.

నేను వేగం పెంచాను.
ప్యాకెట్ల వెనక ప్యాకెట్లు, ఇంకా దగ్గరగా, ఇంకా దగ్గరగా,
ఎక్కడ ఊపిరాడక వెనకబడతాయో చూద్దామని.
ఆమె తెర మీద గుండ్రం తిరిగి తిరిగి ఆగిపోయింది.

"బావూ," తారిణి నా వైపు చూడకుండానే అంది,
"నువ్వు కొలుస్తున్నంతసేపూ మాకేటి మిగుల్తాది?"

మా పనిలో అందరికీ తెలిసిన తప్పే ఇది.
ఎవరూ ఇలా ఎదురుగా అనలేదు.

తీగ పీకేశాను.
దాలమ్మ చీరచెంగుకి రాసుకుని
ఈసారి చూపుడువేలు పెట్టింది.
పచ్చదీపం.
"ఎక్కీసింది!" బెంచీ అంతా ఒక మనిషి మేర జరిగింది.

రిజిస్టరులో వేగం అన్న గడి ముందు
పెన్ను కాసేపు ఆగింది.
తేదీ వేశాను, సంతకం పెట్టాను.
బయట గేటు మళ్ళీ పడుతోంది.
బెంచీ మీద ఇంకా ఐదుగురు.