కెదార్

పక్క వాటాలో వారిజ
రాత్రి డ్యూటీకి ముందు గట్టిగా వల్లె వేస్తుంటే
కేదార్ అని వినబడి
ఎవరో అబ్బాయి పేరనుకున్నాను.
మిషను ఆపి మరీ విన్నాను చాలా రోజులు.

కాదట. స్పానిష్‌లో ఒక క్రియ, కెదార్.
తరమణిలో కూర్చుని మెక్సికో వాళ్ళ ఫోన్లు ఎత్తాలంటే
ముందు దీన్ని లొంగదీసుకోవాలట.

"మిగలడం, అత్తా" అంది మొదట.
డబ్బాలో బియ్యం ఇంకా ఉంటే కెదా.
సరే, నాకు తెలిసిన సంగతే.
చింతాద్రిపేటలో ముప్ఫై ఏళ్ళు
మిగులు గుడ్డతోనే గడిచింది:
రవిక ముక్కలో చంకపట్టీ, అందులో మిగిలితే కాజాపట్టీ,
ఆఖరి పీలికలన్నీ సూదుల దిండులోకి.

మర్నాడు వచ్చి, "నప్పడం కూడానట" అంది.
తే కెదా బియెన్, నీకు బాగా కుదిరిందని.
మిగలడానికీ నప్పడానికీ ఏం చుట్టరికం?
దారం కొరుకుతూ ఆలోచించాను, తెగలేదు.

గురువారం ఇంకో మూట దిగింది.
అయిదింటికి సెంట్రల్ దగ్గర కలుద్దామన్నా అదే,
ఎగ్మోర్ ఎంత దూరమన్నా అదే,
చిల్లర ఉంచుకోమన్నా, కునుకు తీశాడన్నా,
నోట మాట రాక నిలబడిపోయాడన్నా.
ఒక్క మాటని ఇంతమంది తొడుక్కుంటే
చంకల దగ్గర పిగలదూ?

"మనకి లేదా ఇలాంటిది?" అంది.
ఉంది, పట్టు.
రవిక పట్టదు. నిద్ర పట్టదు.
కత్తెరకి తుప్పు పడుతుంది.
తిరుప్పూరు బనియన్ల కంపెనీకి వెళ్ళిన మనిషికి
తిరిగి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో
పట్టించుకోవడం మానేశాను.
వారిజ నోటుబుక్కు తెరిచి ఇవన్నీ తెలుగులోనే రాసుకుంది.

ముందు సె తగిలిస్తే ఉండిపోవడమట.
సె కెదో. ఉండిపోయింది.
ఎవరు అని అడిగాను.
"ఎవరైనా" అంది, టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ.

ఆయన కొలత టేపు నా మెడలోనే ఉంది.
మొదటి మూడు అంగుళాలూ చెరిగిపోయాయి,
మూడు దగ్గర పట్టుకుని కొలిచి
చివర్లో మూడు తీసేస్తాను.

నిన్న వారిజకి కొత్త రవిక.
కింద కంపెనీ కారు హారన్ మీద హారన్.
"కదలకు" అన్నాను. "ముప్ఫై ఒకటి. మూడు పోతే?"

చేతులు పైకెత్తి, కళ్ళు మూసుకుని,
పరీక్షలో చెప్పినట్టు,
"కెదాన్ వెయింతిఓచో."

సుద్దతో ఇరవై ఎనిమిది వేసుకున్నాను.