వొంగుమే

సొహార్‌లో ఇషా నమాజు అయ్యాక
కాలేజీ కోర్టులో నాలుగు లైట్లు వెలుగుతాయి.
ఐదోది నేనొచ్చిన ఏడాదే మాడిపోయింది.
పదకొండేళ్లుగా అర్జీ పెడుతూనే ఉన్నా.
ఆ చీకటి మూలనుంచి వేసిన బంతి
సగం దారి వచ్చాకగానీ కంటికి ఆనదు.
మా పిల్లలు ఆ మూలనుంచే బాగా వేస్తారు.

ఆగస్టులో బంతికి కూడా చెమట పడుతుంది.
సముద్రం మీది తేమ, అల్యూమినియం ఫ్యాక్టరీ వేడి
రెండూ వచ్చి రబ్బరుకు అంటుకుంటాయి.
నా భుజం మీద తువ్వాలు అందుకే,
నా మొహానికి కాదు.

గుంతకల్లు రైల్వే గ్రౌండులో
బంతి ఒకటి, పిల్లలం పద్నాలుగు మందిమి.
జకరయ్య సారు గూడ్సు గార్డు.
డ్యూటీ లేని పూట, బండిని కదిలించే ఈలతోనే
మమ్మల్నీ కదిలించేవాడు.
ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: వొంగుమే!
నడుం కాదు మే, మోకాలు.
నిక్కినోళ్ల కాళ్ల కిందనించే పోతాది బంతి.
ఎప్పుడైనా బాగా ఆడితే ముఖం పక్కకు తిప్పుకునేవాడు.
మెచ్చుకుంటే పిల్లలు నిటారైపోతారని ఆయన భయం.

వొంగీ వొంగీ రైల్వే టీము దాకా వచ్చాను.
సికింద్రాబాదులో, సెమీఫైనల్ మూడో క్వార్టర్లో
ఎవరో పక్కన చింతబరిక విరిచినట్టు
ముందు శబ్దం,
తర్వాత నొప్పి.
అప్పటికి నాకు ఇరవై ఆరు.
మూడేళ్లు పార్సెల్ ఆఫీసులో
మామిడిపళ్ల బుట్టలకు రశీదులు రాశాను.
అక్కడ వొంగమనేవాళ్లు వేరే.

ఇక్కడ ఏటా జూన్‌లో ఒక సంతకం,
ఇంకో ఏడాది.
గెలిచినవి అరవై ఒకటి, ఓడినవి డెబ్బై నాలుగు.
దాచుకోవాల్సిన లెక్కేం కాదు.
ఇంటి దగ్గర పెళ్లి ఉందని ఒకమ్మాయి మానేసింది,
ఇంకొకతె నర్సింగు పరీక్షల కోసం,
మరొకతె ఊరికే. ఎందుకో చెప్పలేదు,
జెర్సీ మాత్రం ఉతికి మడిచి పంపింది.

ఘాలియా వచ్చిన రోజు
తెరచాప కొయ్యలా నిలబడింది.
వాళ్ల నాన్నది చేపల పడవ. ఆమెది ఐదడుగుల పదకొండంగుళాలు.
కోపమొస్తే నాకు అరబ్బీ రాదు, ఇంగ్లీషూ రాదు.
"వొంగుమే!" అని అరిచాను.
కోర్టంతా ఆగిపోయింది.
అది బాస్కెట్‌బాల్ మాటా, కోచ్? అని అడిగింది.
అవునన్నాను.
అబద్ధం కాదు కదా.

మొన్న ఫిబ్రవరిలో నిజ్వాలో మ్యాచ్.
మురాద్‌బక్ష్ బస్సు మూడు గంటలు తోలాడు.
దిగేసరికి అవతలి బెంచీలో ఘాలియా,
మెడలో ఈల,
భుజం మీద తువ్వాలు.
కోచ్‌గా ఆమెకిది మొదటి ఏడాది.

ఆఖరి రెండు నిమిషాలు. ఒక్క పాయింటు మాది ఎక్కువ.
బంతి మా చేతుల్లో ఉంది.
అప్పుడు అవతలనుంచి వచ్చింది ఆ కేక
గుంతకల్లు యాసతో, ఒమానీ గొంతుతో:
వొంగుమే!
ఆమె ఐదుగురూ వొంగారు.
మా ఐదుగురూ వొంగారు.
పది జతల మోకాళ్లు ఒక్కసారిగా!
రిఫరీ ఏం జరిగిందోనని ఈల నోట్లో పెట్టుకున్నాడు.
కుర్చీలో కూర్చున్న నా మోకాలు,
లోపల రెండు స్క్రూలున్నది,
అదీ ఊరుకోలేదు.

మూడు పాయింట్లతో ఓడాం.
డెబ్బై ఐదు.

చేతులు కలిపే వరసలో ఆమె చివర నిలబడింది,
నా నోటినుంచి ఏదో వినాలన్నట్టు
కొంచెం వంగి.
నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.
"మీ ఏడో నంబరుది ఎడమ మోకాలు వంగడం లేదు,
చూసుకో" అన్నాను.
తల ఊపి, చేతి మీద పెన్నుతో రాసుకుంది.