మద్దెల మార్చాక

సాలిగ్రామంలో మూడో అంతస్తు గది.
కింద టైలరు మిషను టకటకమంటుంటే
పైన నా కంప్యూటరు ఆగి ఆగి దగ్గుతుంది.
జీలకర్ర బెల్లం పట్టుకున్న పెళ్లికొడుకు చెయ్యి
గాల్లోనే నిలబడిపోతుంది.
నేను కిందికెళ్లి టీ తాగొచ్చేదాకా దించడు.

చీటీ పాడితే చేతికొచ్చింది ముప్పై ఎనిమిది వేలు.
గ్రాఫిక్స్ కార్డు కొనక్కా అన్నాడు ఫిరోజ్,
లోపల రంగు లైట్లు కూడా వెలుగుతాయట.
ఎదురు ఫ్లాటు కుర్రాడు ప్రాసెసరన్నాడు.
కంప్యూటరు ఏనాడూ ముట్టని మా చిన్నత్త
మొత్తం మార్చి పారెయ్యవే, పీడ పోతుందంది.
తలా ఒక మాట,
నా తలకే నిద్ర లేదు.

రిచీ వీధి, శనివారం మధ్యాహ్నం.
వైర్ల చుట్టల్ని, సైకిళ్లని, చెమటని తోసుకుంటూ పోతే
రెండు బారల వెడల్పున వరదరాజన్ గారి కొట్టు.
ఆయన ధర చెప్పలేదు.
అరవం అంచు కుట్టిన తెలుగులో అడిగాడు:
"మెషిన్‌కి నొప్పి ఎక్కడమ్మా? చూసినావా?"
చూడలేదు.
"పంటి నొప్పికి కళ్లజోడు అమ్మమంటావా నన్ను?
పో, చూసిరా."

ఆ రాత్రి టాస్క్ మేనేజరు పక్కన తెరిచిపెట్టి
కొరుక్కుపేట పెళ్లి నడిపించాను.
నేను దోషి అనుకున్న పాత గ్రాఫిక్స్ కార్డు
పన్నెండు శాతం దగ్గర గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది.
ప్రాసెసరు అరవై, పర్లేదు, ఊపిరాడుతోంది.
ర్యాము సాయంత్రం ఆరింటి వడపళని బస్సు,
ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేదు.
ఇక డిస్కు, లోపల గిర్రున తిరిగే ఆ పాత డిస్కు,
నూరు.
నూరు.
టీ తాగొచ్చి చూసినా నూరే.

అమ్మ ఫంక్షన్లకి వండేది.
నాలుగు పొయ్యిలు, ఆరుగురు మనుషులు,
సామాన్ల గదికి మాత్రం ఒకటే తలుపు.
అందులోంచి ముసలి కోటయ్య
ఒక్కో గిన్నె బియ్యం మోసుకొచ్చేవాడు.
ఎసరు మరుగుతూనే ఉండేది.
గరిటెలు పట్టినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు.
పెద్ద పొయ్యి కొందామనేవారు అందరూ.
అమ్మ రెండో తలుపు పెట్టించింది,
కోటయ్యకి ఒక కుర్రాణ్ని తోడిచ్చింది.

సోమవారం ఒక ఎస్సెస్‌డీ, ముప్పై రెండు జీబీ ర్యాము.
డబ్బాలో బొమ్మలా మెరిసే ఆ కార్డుని
కాసేపు చేత్తో తడిమి అక్కడే పెట్టేశాను.
మిగిలిన డబ్బులో మూడు నెలల అద్దె బాకీ పోయింది.
మూత విప్పితే లోపల బల్లిగుడ్డు పెంకు,
గుప్పెడు దుమ్ము,
టైలరు కొట్లోంచి ఎలా వచ్చిందో, ఎర్రదారం పోగు.
వరదరాజన్ గారు ఊదిన ఊపుకే
సగం జబ్బు తగ్గినట్టనిపించింది.

రాత్రి ప్లే నొక్కాను.
పెళ్లికొడుకు చెయ్యి దిగింది.
అంతే, ఎక్కడా ఆగకుండా దిగింది.
మేళం, తలంబ్రాలు, అక్షింతలు, ఫ్యాను కింద నిద్రపోయిన పిల్లాడు,
ఇరవై నిమిషాలు రెప్ప వెయ్యకుండా చూశాను.

అప్పుడు కనపడింది.
తలంబ్రాల తర్వాత నేను వేసిన కట్ కుంటుతోంది.
పెళ్లికూతురి నవ్వు పెదవి దాటకముందే కోసేశాను.
ఇన్నాళ్లూ మిషను తడబాటనుకున్నది
నా చేతిదే.
ఆడలేక మద్దెల ఓడు అనడానికి
ఇప్పుడు మద్దెల కొత్తది.

పదిహేను ఫ్రేములు ఆమెకి తిరిగిచ్చాను.
నవ్వు పూర్తి చేసుకుంది.
ఒంటిగంటయింది. టైలరు ఎప్పుడో కొట్టు కట్టేసినట్టున్నాడు.
తర్వాతి కట్ దగ్గరికి వెళ్లాను.