గొడుగుల గౌరీసు చెప్పిన దారి

బస్సు దిగి మూడు లాంతర్ల మీదుగా నడిచి రా బాబూ,
ఆటోకి డబ్బులు దండగ.
పొద్దున్నే రా. పడమటి గుమ్మం కాడ
పదకొండు దాకా నీడుంటాది,
ఆ మీదట కోట ఎవురికీ ఏటీ ఇవ్వదు.

గొడుగు తెచ్చుకో, వానకి కాదు, ఎండకి.
ఇరిగితే నానున్నాను.
సిల్లర ఉంచుకో.
లోపల కాలేజీ పిల్లలు తిరుగుతారు,
ఆళ్ళని దారి అడక్కు, ఆళ్ళకి కేంటీనే తెలుసు.
కందకం వేపు మరీ వొంగకు,
ఫోను పడితే నాను దిగను, ముందే సెప్తన్నాను.
ఆకలేస్తే గంటస్తంభం వేపు ఎల్లు,
సట్నీ అడిగినంత ఏస్తారు.

గోడ ఎంతెత్తు, ఎప్పుడు కట్టేరు,
బోర్డు మీద రాసుంటాది, సదువుకో.
బోర్డు మీద లేనిది ఒకటుంది:
నా ఎనక, రాయి మీద నల్లటి మరక,
మనిషి తలంత.
మొన్నొకాయన ఫొటో తీసి
ఏ రాజు ముద్ర అనడిగేడు.
మా అయ్య నలభయ్యేళ్ళు అక్కడే తల ఆన్చి
ఊసలు సరిచేసేడు.
ఆవదం మరకది.

నాను కూకుంటే అది కనపడదు.
సూడాలంటే సెప్పు,
లేస్తాను.