ముప్పై ఒకటో పేజీ

ఆమె రాసినదాంట్లో నాకు అర్థమైన మాటలు మూడే:
కనుక, అయితే, అనుకుందాం.
మిగతాదంతా ఖాళీ.

నాది రష్యన్ అక్షరాల టైపు మిషను.
గణితం గుర్తులు దానికి రావు.
బొటనవేలు వెడల్పు చోటు వదిలి ముందుకు జరిగేదాన్ని.
సాయంత్రం నెస్తాన్ కొబాలియా వచ్చి
నల్లసిరాతో ఆ చోట్లు నింపేది,
జ్వరం పిల్లకు ముద్ద పెట్టినంత నెమ్మదిగా.
తిబిలిసిలో, మూడో అంతస్తులో, ఇరవై రెండేళ్ళు.

వాళ్ళ నాన్న పోతి రేవులో ఓడలకు మోకులు కట్టేవాడట.
ఏడేళ్ళ వయసులో అడిగిందట ఆయన్ని:
"ఈ ముడీ ఆ ముడీ ఒకటేనా, వేషం మార్చుకుందా?"
"ఓడ ఆగితే చాలు బిడ్డా," అన్నాడట.
ఆమెకు చాలలేదు.

ముప్పై నాలుగో ఏట తేల్చేసింది.
యాభై మూడు పేజీలు, నాలుగు వందల పన్నెండు ఖాళీలు.
లెక్కపెట్టింది నేను, ఆమె కాదు.
మాస్కో నుంచి తంతి వచ్చింది. డైరెక్టరు కోన్యాక్ పోశాడు.
ఆమె పేరు పక్కన సిద్ధాంతం అనే మాట అతుక్కుంది.
ఆమె మాత్రం నా గ్లాసు కింది కాగితం లాక్కుని
అప్పుడే ఇంకేదో గీస్తోంది.

తర్వాత దేశం పేరు మారింది. కరెంటు పోయింది.
తెల్లవారుజామున నాలుగింటికి, రొట్టెల వరుసలో,
అరచేతిమీద పెన్సిలుతో వేసిన నంబరు చూసుకుని
"ప్రధాన సంఖ్య వచ్చింది నాకు!" అని సంబరపడిన మనిషి
ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే అయుంటుంది.
ఆఫీసులో కిరసనాయిలు పొయ్యి.
రెండు వైపులా రాశాకే కాగితాన్ని కాల్చనిచ్చేది.
తొడుగుల వేళ్ళు కత్తిరించుకుని నేను టైపు కొట్టేదాన్ని.
జీతాల్లేవు. ఖాళీలు మాత్రం ఉండేవి.

ఆ చలికాలమే లూవెన్ నుంచి ఒక కుర్రాడి ఉత్తరం:
ముప్పై ఒకటో పేజీ, కింది నుంచి ఆరో వరుస.
దండాలూ మన్నింపులూ తీసేస్తే మిగిలింది అదే.

పాత ప్రతి తీసి చూశాను. గుండె జారింది.
ఆ వరుసలో చోటు ఇరుకు.
సగం బొటనవేలే వదిలాను.

ఎనిమిది రోజులు ఆమె రాలేదు.
తొమ్మిదో రోజు గుమ్మంలో కనబడగానే ఏడ్చేశాను.
"పిచ్చి ఈతేరీ," అంది, "ఆ ఖాళీ నీది కాదు.
నేను నింపలేదు. నింపాననుకున్నాను."

కోటు విప్పకుండా నిలబడే చెప్పింది, నేను కొట్టాను.
"నా సిద్ధాంతం రుజువు కాలేదు.
పదకొండేళ్ళుగా దానిమీద ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మన్నించాలి.
తప్పు పట్టినవాడి పేరు నా పేరుకంటే ముందు రాయండి."
ఒక్క పేజీ.
ఆమె కాగితాల్లో మొదటి అక్షరం నుంచి చివరిదాకా
నేను చదవగలిగింది అదొక్కటే.

ఈ కరువులో ఎవడు చూడొచ్చాడని డైరెక్టరు అరిచాడు.
ఆమె లిఫ్టులో వేయాల్సిన నాణెం కోసం
జేబులు తడుముకుంటోంది.

ఆపైన తొమ్మిదేళ్ళు ఆ ఒక్క వరుసమీదే.
సగం ముళ్ళకు నిజమని తేలింది.
మిగతా సగం సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలీదు.
కంప్యూటర్లొచ్చాయి, వాటికి అన్ని గుర్తులూ వచ్చు.
నన్ను ఇంటికి పంపారు.

మొన్నొక గురువారం మొక్కజొన్న రొట్టె పట్టుకొచ్చింది.
ముప్పై ఏళ్ళు ఆలస్యంగా అడిగాను:
ఆ ఖాళీల్లో ఏముండేది?

మూలపడ్డ మిషన్లోంచి రిబ్బను లాగి,
కింది నుంచి ఒక మెలిక, పై నుంచి ఒకటి, మళ్ళీ కింది నుంచి,
కొసలు రెండూ సూదితో కుట్టేసి
"విప్పు," అంది.

చీకటిపడేదాకా విప్పాను. వేళ్ళు నల్లబడ్డాయి.
రాదు, అన్నాను.
"నీకు రాలేదు. ఎవరికీ, ఎప్పటికీ రాదని ఎలా చెబుతావ్?"
సిరా అంటిన నా చేతుల్ని తన కొంగుతో కాదు,
నా పరదాతోనే తుడిచి నవ్వింది.
తర్వాత మూడు రంగుల పెన్సిళ్ళు అడిగింది, చూపించింది.
నిజంగానే రాదు. ఒప్పుకున్నాను.

ఇప్పుడది కిటికీ గడియకు వేలాడుతోంది.
టీ నీళ్ళు మరిగేలోపు
ఒకసారి లాగి చూస్తుంటాను.