ఇద్దరు పట్టే గుడారం

షార్జాల పాత సామాన్ల బజారు.
ముప్పై అయిదు దిర్హములన్నడు పఠాను.
లింబాద్రి జిప్పు గుంజి చూసిండు,
బట్టను ఎండకెత్తి రెండు పొక్కలు చూపిచ్చిండు,
ఇరవై రెండుకు దించిండు.
సంచి మీద బొమ్మ: ఇద్దరు తెల్లోళ్ళు, ఒక కుక్క, నవ్వు.
మేం ముగ్గురం. కుక్క లేదు.

రూముల అందరు ఒక్కటే నవ్వుడు.
"పదకొండేండ్లాయె క్యాంపుల పండవట్టి,
ఇంకా క్యాంపింగు పోతర్రా?"
నిజమే గదా.
ఆ మాటకు జవాబు దొరకక
రాజమల్లు ఉల్లిగడ్డలు లెక్కవెట్టిండు.

పైస పెట్టనియి:
సైటుల పారేసిన నీలి టార్పాలిన్,
ఎవరింటికో ఫ్రిజ్జొచ్చిన అట్టపెట్టె,
పొక్కలు గొడితే పొయ్యయ్యే ఇనుప డబ్బా,
చుట్టెడు బైండింగు వైరు.
ఫోర్‌మన్ చూసిండు, చూడనట్టు ఫోన్ తీసిండు.
పైస పెట్టినయి: బొగ్గులు, డజను గుడ్లు, రెండు కట్టల ఖుబూస్,
ఇరవై లీటర్ల నీళ్ళు.
నీళ్ళ కాడ పీనాసితనం జెయ్యనని
లింబాద్రి మాతోని ఒట్టేయించుకున్నడు.

కూరగాయల వ్యాను తోలే నౌషాద్
మలీహా దాటినంక రోడ్డు పక్కన దించిండు.
"రేపు పదింటికి, ఈ బోర్డు కాడనే."
వ్యాను పోయినా కొత్తిమీర వాసన కొంచెంసేపు నిలవడ్డది.

వాగు పల్లంల వద్దు, వాన ఎక్కడ వడ్డా నీళ్ళు ఇక్కడికొస్తయి.
ఒంటెల బాట మీద వద్దు.
గాలికి గుడారం ఈపు చూపాలె, మొఖం గాదు.
ఇవన్ని లింబాద్రి చెప్పిండు. ఎన్నడు పోయిండని ఆయనైనా?
ఇరవై ఏండ్లు గాలిల పైపులు గట్టినోడు,
గాలి సంగతి ఆయనకు ఎరుకే.

మేకులు నిలవలేదు.
కొట్టినకొద్ది దిగినయి,
గుంజితే పేరిన నేతిల చెంచా లెక్క వచ్చినయి.
నేను బూతు తిట్టిన. రాజమల్లు ఇంకో రాయి దెచ్చిండు.
లింబాద్రి నాలుగు ప్లాస్టిక్ సంచులల్ల ఇసుక నింపి
మెడకు తాడు గట్టి
మోకాలి లోతుల పాతి, తొక్కి,
తాడు మీటి చూసిండు.
"పాతిపెట్టేది బరువును, మేకును గాదు."
ఎవ్వరం మాట్లాడలేదు.

గుడ్ల కూరల ఇసుక.
చాయల ఇసుక.
ఖుబూసును బొగ్గుల మీదికెళ్ళి తీసి దులిపితే
ఆ దులుపుడుకే సగం పోయింది.
అయినా గిన్నె కడగాల్సిన పని వడలేదు.

చలి పైకెళ్ళి రాదు, కిందికెళ్ళి వస్తది.
ఇది ఎవరూ చెప్పలేదు, నడుము చెప్పింది.
కప్పుకున్న దుప్పటిని కిందేసి
దాని కింద అట్టపెట్టె విప్పి పరిచినం.
అట్ట మీద బాణం గుర్తు, ఈ వైపు పైకి ఉండాలె అని.
రాజమల్లు దానికి ఉల్టా పండుకున్నడు.

పన్నెండు మంచాల రూముల నాది పై మంచం.
చెయ్యి చాపితే ట్యూబులైటు,
కాలు చాపితే సుదర్శనం తలకాయ.
అర్ధరాత్రి గుడారంల నుంచి బయటికొచ్చి
ఒక చెయ్యి చాపిన. ఏమీ తాకలేదు.
రెండో చెయ్యి చాపిన.
నాలుగడుగులు నడిచి మళ్ళ చాపిన.
చుక్కలు గిన్ని ఉంటయని మర్చేపోయిన.
మంచిగనిపించాలె గదా?
భయమైంది.
ఉరికొచ్చి ఇద్దరి నడుమ ఇరుక్కున్న,
ఒకని మోచెయ్యి పక్కబొక్కలకు తగిలినంక
నిద్రవట్టింది.

పొద్దుగాల టార్పాలిన్ మీద మంచు నీళ్ళు,
గుడ్లట్ట దాకా వచ్చి తిరిగిపోయిన చిన్న చిన్న అడుగులు.
మూడు గుడ్లు తక్కువ.
"నక్క," అన్నడు లింబాద్రి.
"నేనే," అన్నడు రాజమల్లు, కొంచెమాగి.
అడుగులైతే నక్కయే.

విప్పిన గుడారం మళ్ళ ఆ సంచిల వట్టలేదు.
మూడుసార్లు మడిచినం,
మీద కూసున్నం, గాలి ఒత్తినం.
లోపలికి ఏమొచ్చి చేరిందో ఏమో.
నౌషాద్ గంట ఆలస్యం జేసిండు,
ఒక్కరమన్న ఫోన్ చెయ్యలేదు.

ఇప్పుడది నా మంచం కింద ఉంది.
సగం సంచిల,
సగం బయట.